భద్రతా వీచిక: కుదుపు చెప్పే మాట



1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన నాటి నుండి భిలాయి ఉక్కు దేశం నలుమూలలకూ తరలిపోతూనే ఉన్నది. ప్లేట్లు, వైర్ రాడ్ చుట్టలు, దూలములు నింపుకొని రోడ్డెక్కే ట్రైలర్లు మనకు నిత్య పరిచితములే. స్పీడు బ్రేకరు దాటి తిరిగి వేగమందుకొనే ట్రైలరు నుండి ఒక్కొక్కప్పుడు ‘ధన్’మని శబ్దం వినవస్తుంది. ముందు బండి ఒక్క ఉదుటున దూకుతుంది. మరుక్షణమే వెనుక నుండి ఎవరో నెట్టినట్లవుతుంది. బరువు బండికి కుదుపు సహజమే కదా అని సరిపెట్టుకొంటాము. అది సహజం కాదు, హెచ్చరిక అని మనవి చేయుటయే ఈ మాసపు మా ఉద్దేశం.

మన పల్లెల్లో ఎడ్లబండి తోలినవారికి ఈ విషయం కొత్త కాదు. సరుకు ముందుకు చేరితే ఎడ్ల మెడలు కుంగుతాయి. వెనుకకు చేరితే కాడి పైకి లేస్తుంది. కాడి వదులైతే అడుగడుగునా కుదుపే. ట్రైలరుకు కాడి వంటిది ‘ఫిఫ్త్ వీల్’. పూర్వం గుర్రపు బండ్లలో ముందు ఇరుసు తిరుగుటకై నాలుగు చక్రాలకు తోడు అడ్డంగా పరచిన వలయమునకు ఆ పేరు వచ్చింది. నేడది ముందు బండిపై గల ఉక్కు పళ్ళెం. ట్రైలరు అడుగున ఉండే కింగ్‌పిన్నును దాని దవడలు పట్టుకొంటాయి.

సాధారణముగా వాడే కింగ్‌పిన్ను వ్యాసం 50.8 మిల్లీమీటర్లు. అది 49కి అరిగినచో మార్చవలసినదే. దవడలు అరిగినప్పుడు సర్దుబాటు మరతో కొంత వదులు తీయవచ్చును గాని, అరిగిన పిన్నుకు అది మందు కాదు. ఆ కొద్దిపాటి ఖాళీలోనే పాతిక టన్నుల బరువు ముందుకూ వెనుకకూ కొట్టుకొంటుంది. కుదుపు పిన్నును అరగదీస్తుంది, అరుగుదల కుదుపును పెంచుతుంది.

రెండవ కారణం బ్రేకులు. గాలి పొడవైన గొట్టాలలో పయనించి ట్రైలరు బ్రేకులను చేరవలెను. గాలి లీకైనా, స్లాక్ అడ్జస్టర్లు సరిగా లేకున్నా ముందు బండి ముందే ఆగుతుంది, ట్రైలరు దానిని నెడుతుంది. జగదల్పూరు దారిలో కేశ్కాల్ ఘాట్ దిగేటప్పుడు ఈ నెట్టుడు ప్రాణాంతకం కాగలదు. దిగకముందే చిన్న గేరులోకి మారి, ఇంజను పట్టుతో దిగుట క్షేమం. ట్రైలరు చేతి బ్రేకునే పట్టుకొని దిగినచో ఆ బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి.

మూడవది సరుకు. ఉక్కుపై ఉక్కు సులభంగా జారుతుంది. ప్లేట్ల కట్టకూ ముందు అడ్డపలకకూ నడుమ ఖాళీ ఉంచి, గొలుసులు వదులుగా బిగిస్తే, ఒక్క గట్టి బ్రేకుకు ఆ కట్ట క్యాబిన్ వైపే దూసుకొస్తుంది. క్యాబిన్‌లో ఉన్నది మన వంటి ఒక ఇంటి మనిషి.

విజయనగరం ప్రాంతం నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్ద వయసు డ్రైవరును కుదుపు లేకుండా కదల్చే కిటుకు అడిగాము. “నిండు పాలగిన్నె పొయ్యి మీంచి దింపినట్టు క్లచ్చి వదలాల బాబూ” అన్నారాయన. బండి తగిలించిన వెంటనే ట్రైలరు బ్రేకు వేసి, చిన్న గేరులో మెల్లగా లాగి, పట్టు చూడనిదే తాను గేటు దాటనన్నారు. ఆ పరీక్షకు రెండు నిమిషాలు చాలు.

లోడింగు వద్దనున్న సోదరులు గొలుసు బిగింపు చూడండి. గ్యారేజీ సోదరులు పిన్నును గేజితో కొలవండి. డ్రైవరు ఇంటివారు “ఎప్పుడు వస్తావు?” అని అడిగే ముందు “బండి కుదుపుతున్నదా?” అని కూడా అడగండి. అవునన్నచో, సరి చేయించుకొన్న పిదపనే బయలుదేరమనండి. సరుకు ఒక పూట ఆలస్యమైనా చేరుతుంది. ముందు మనిషి ఇంటికి చేరవలెను.