నాలుగోవాడికి ఖర్చు పెట్టండి
జూలూరుపాడు ఊరు దాటితే పత్తి చేల మధ్య మట్టిబాట, ఆ వెనక అడవి. క్రాస్‌కంట్రీ పరుగుకు వేరే స్టేడియం అక్కర్లేదు. అక్కర్లేదు కనుకే మన కాలేజీలు దానికి డబ్బూ అక్కర్లేదనుకుంటాయి. పోటీ ముంగిట్లో పేర్లు రాసి, బస్సెక్కిస్తాయి. కానీ జట్టు గెలుపు ఎలా తేలుతుందో చూడండి: ప్రపంచ క్రాస్‌కంట్రీలో సీనియర్ జట్టుకు ఆరుగురు పరిగెడితే, ముందొచ్చిన నలుగురి స్థానాలు కూడతారు. మొత్తం తక్కువైన జట్టుదే గెలుపు. నా లెక్కంతా ఆ నాలుగోవాడి మీదే. మొదటివాడు ఎంత చెమటోడ్చినా ఒకటి రెండు స్థానాలే మెరుగవుతాడు. నాలుగోవాడు పరిగెత్తేది కిక్కిరిసిన గుంపులో; అర నిమిషం తగ్గించాడంటే పదిమందిని దాటేస్తాడు. కాకతీయ యూనివర్సిటీ పరిధిలోని ప్రిన్సిపాళ్లకు నా విన్నపం: విజేతకు శాలువా తర్వాత కప్పొచ్చు, ముందు ఆ నాలుగో కుర్రాడికి మంచి బూట్లు, రోజూ రెండు గుడ్లు, ఏడాది పొడవునా ఒక కోచ్‌ని ఇవ్వండి.