తర్కం మనది కాదన్నదెవరు?

పడమటివాళ్ళది బుద్ధి, మనది హృదయం. వాళ్ళు వాదిస్తారు, మనం దర్శిస్తాం. వాళ్ళకు లాజిక్కు, మనకు మోక్షం. ఈ పంపకం ఎవరు చేశారో గానీ మనవాళ్ళు సంతోషంగా సంతకం పెట్టేశారు. ప్రవచనాల్లో ఇదే మాట, పత్రికల ఆధ్యాత్మిక పేజీల్లో ఇదే మాట. చిత్రమేమిటంటే, తత్వశాస్త్రమంతా గ్రీసులోనే పుట్టిందని నమ్మే పాశ్చాత్య ఆచార్యులు అనేదీ సరిగ్గా ఇదే: మీది ఆధ్యాత్మికత, చాలా గొప్పది, కాస్త ఆ పక్క గదిలో కూర్చోండి అని. అవమానాన్ని పొగడ్తగా పుచ్చుకోవడంలో మనకున్న నేర్పు ఇంకెవరికీ లేదు.

ఈ అభిప్రాయం తప్పు. ఆ తప్పును చూపడానికి ఒక ఆచార్యుడి ఉద్యోగ జీవితం చాలు.

బిమల్ కృష్ణ మతిలాల్ 1935లో బెంగాల్‌లోని జయనగర్‌లో పుట్టారు. కలకత్తా సంస్కృత కళాశాలలో 1957 నుంచి పాఠాలు చెబుతూనే పండితుల దగ్గర నవ్యన్యాయమనే తర్కశాస్త్రం చదివి, 1962లో తర్కతీర్థ అనిపించుకున్నారు. హార్వర్డు ప్రయాణం ఆ తర్వాతే. ఈ వరుసను గుర్తుంచుకోవాలి, ముందుముందు పనికొస్తుంది. అక్కడ సంస్కృత పండితుడు డేనియల్ ఇంగాల్స్ దగ్గర పరిశోధన చేశారు, తత్వవేత్త క్వైన్ దగ్గర ఆధునిక తర్కం చదివారు. 1965లో డాక్టరేటు వచ్చింది. పరిశోధనాంశం అభావం, అంటే లేకపోవడం.

నేల మీద కుండ లేదు అంటాం. ఆ లేకపోవడం మనకెలా తెలిసింది? నేల కంటికి కనిపించింది, సరే. ‘లేదు’ అన్నది కూడా కంటికే కనిపించిందా? అవును, కనిపించిందనే అంటారు న్యాయశాస్త్రం వాళ్ళు, అంటే నైయాయికులు. కాదు, ఉంటే కనపడవలసింది కనపడకపోవడం అనేది విడిగా ఒక ప్రమాణం, అంటే తెలుసుకునే సాధనం, అంటారు మీమాంసకుడు కుమారిలుడి వర్గంవాళ్ళు. ఈ ఒక్క ప్రశ్న మీద వందల ఏళ్ళు పట్టుదలగా వాదించుకున్నారు. వాళ్ళలో ఎవరూ కళ్ళు మూసుకుని దీన్ని తేల్చుకోలేదు. ‘నాకు అనుభూతి అయింది, ఇక నోరు మూసుకో’ అని ఎవరైనా అని ఉంటే ఆ సభలోంచి లేచి పోవలసి వచ్చేది.

తర్వాత మతిలాల్ టొరంటో విశ్వవిద్యాలయంలో పనిచేశారు. జర్నల్ ఆఫ్ ఇండియన్ ఫిలాసఫీ అనే పత్రికను స్థాపించారు. 1976లో ఆక్స్‌ఫర్డ్‌లో స్పాల్డింగ్ ఆచార్య పీఠానికి వెళ్ళారు. 1936లో ఆ పీఠం మీద మొదట కూర్చున్నది సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉపాధ్యక్ష పదవి ముగిసీ ముగియగానే ఆయన అక్కడికి వెళ్ళారు. ఆయన తర్వాత మార్మికానుభవాల మీద పుస్తకాలు రాసిన ఆర్.సి. జేనర్. మూడోవాడు మతిలాల్. ఆ పీఠం పేరులో ప్రాచ్య మతాలున్నాయి, నీతి ఉంది, తత్వశాస్త్రం మాత్రం లేదు! ‘తెలియడం అంటే ఏమిటి, తెలిసిందని ఎలా చెప్పగలం’ అని జీవితమంతా అడిగిన మనిషికి దక్కిన కుర్చీ అది. పక్క గది అన్నది ఉత్తి మాటవరసకు కాదు.

రాధాకృష్ణన్‌ను నిందించడం తేలిక. హిందూ చింతనకు మూలం అంతర్దృష్టి అని ప్రపంచానికి చాటినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. కానీ ఆయన రెండు సంపుటాల ఇండియన్ ఫిలాసఫీ తెరిచి చూస్తే న్యాయ వైశేషికాలకు అధ్యాయాలే ఉన్నాయి. ఉపన్యాసం గుర్తుంచుకుని పుస్తకం వదిలేసింది మనమే.

శ్రీహర్షుడి సంగతే చూడండి. శ్రీనాథుడి పుణ్యమా అని శృంగార నైషధం పేరు తెలియని తెలుగు సాహిత్య విద్యార్థి ఉండడు. హంస రాయబారం, దమయంతి స్వయంవరం అన్నీ తెలుసు. మూలం రాసిన ఆ 12వ శతాబ్దపు కవే ఖండనఖండఖాద్యం అనే మహా తార్కిక గ్రంథం రాశాడని ఎంతమందికి చెప్పారు? జ్ఞానానికి నైయాయికులు ఇచ్చిన నిర్వచనాలను ఒక్కొక్కటే పట్టుకుని చీల్చిన పుస్తకం అది. అందులో ఒక ఉదాహరణ. ఒకడు పిడికిట్లో గవ్వలు దాచి ఎన్నో చెప్పమంటాడు. ఎదుటివాడు ఊరికే నోటికొచ్చినట్టు ‘ఐదు’ అంటాడు. పిడికిలి విప్పితే ఐదే ఉన్నాయి. అతని మాట నిజమే. కానీ అతనికి తెలిసినట్టా?

1963లో ఎడ్మండ్ గెటియర్ అనే అమెరికన్ ఆచార్యుడు మూడు పేజీల వ్యాసం రాశాడు. తగిన ఆధారంతో నమ్మినది నిజమైనా, అది కాకతాళీయంగా నిజమైతే జ్ఞానం అనిపించుకోదని చూపాడు. ఆ మూడు పేజీలకు జవాబులు రాస్తూ ఒక తరం ఆచార్యులు ఉద్యోగాలు చేసుకున్నారు. మతిలాల్ 1986లో వెలువడ్డ పర్సెప్షన్ అనే పుస్తకంలో ఈ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టారు. ‘ఎనిమిది వందల ఏళ్ళ ముందే మనవాడు చెప్పేశాడు’ అని జబ్బ చరుచుకోవడానికి కాదు. అలా చరుచుకునేవాళ్ళు కూడా ఖండనం చదవరు. గెటియర్ ఒక నిర్వచనంలో లోపం చూపాడు. శ్రీహర్షుడు నిర్వచనమనేదే నిలవదని చూపబోయాడు. ఇద్దరి గురీ వేరు. ఆ తేడా చెప్పగలగడమే పాండిత్యం. శ్రీహర్షుడి ఆక్షేపణలకు జవాబు చెప్పే భారం 14వ శతాబ్దంలో మిథిలలోని గంగేశుడి మీద పడింది. ఆయన రాసిన తత్వచింతామణితో నవ్యన్యాయం నిలదొక్కుకుంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. న్యాయసూత్రాల్లో మొట్టమొదటి సూత్రమే ఈ పదార్థాలు తెలుసుకుంటే నిశ్శ్రేయసం కలుగుతుందని అంటోంది కదా, ఇంతా చేసి గమ్యం మోక్షమేగా అని. నిజమే, అంటోంది. వ్రతకథకు ఫలశ్రుతి ఉన్నట్టే శాస్త్రానికీ ప్రయోజనం చెప్పాలి, చెప్పారు. ఆ సూత్రంలోని పదహారు పదార్థాల పేర్లు చదవండి: సంశయం, దృష్టాంతం, తర్కం, నిర్ణయం, వాదం, జల్పం, వితండ, హేత్వాభాసం, ఛలం, నిగ్రహస్థానం... ఇవి ముక్కు మూసుకునేవాడికి కావలసిన సరంజామాయా? చర్చలో ఓడిపోయినట్టు లెక్కగట్టే తప్పులను 22గా లెక్కపెట్టి పేర్లు పెట్టిన సంప్రదాయం ఇది. మన టీవీ చర్చల్లో మొదటి విరామం లోపే ఆ ఇరవై రెండూ అయిపోతాయనుకోండి, అది వేరే సంగతి.

ఇంకో వైపు నుంచి వచ్చే ఫిర్యాదు: మతిలాల్ భారతీయ దర్శనానికి ఆంగ్ల విశ్లేషణ పద్ధతి అనే కోటు తొడిగాడు, పాశ్చాత్యుల మెప్పుకోసం రాశాడు. ఈ మాట అనేవాళ్ళు వరుస మరిచిపోతున్నారు. తర్కతీర్థ ముందు, హార్వర్డు తర్వాత. నిర్వచనానికి అతివ్యాప్తి, అవ్యాప్తి దోషాలు వెతకడం ఆయన క్వైన్ దగ్గర నేర్చుకున్నది కాదు. పైగా పర్సెప్షన్ పుస్తకంలో ఆయన నైయాయికుడి పక్షం వహించి, మనం చూసేది బయటి వస్తువునే గానీ మనసులోని బొమ్మను కాదని అటు బౌద్ధులతోనూ ఇటు ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్యులతోనూ వాదించారు. మెప్పు కోరేవాడు వాదానికి దిగడు, నమస్కారం పెడతాడు. పద్మభూషణ్ వచ్చిన మరుసటి ఏడాది, 1991లో, యాభై ఆరేళ్ళకే ఆయన పోయారు.

మనది ఆధ్యాత్మికత అన్న పొగడ్త వల్ల జరిగే నష్టం పుస్తకాల అరల దగ్గర ఆగదు. మన సంప్రదాయమంతా అనుభూతే అని ఒప్పుకున్నాక, ప్రశ్నించేవాడు పరాయివాడైపోతాడు. ‘పెద్దలు చెప్పారు’ అన్న మాట వాట్సాప్‌లో ప్రమాణమైపోతుంది. న్యాయశాస్త్రం శబ్దాన్ని ప్రమాణంగా ఒప్పుకుంది, కానీ షరతు పెట్టింది: చెప్పేవాడికి ఆ విషయం స్వయంగా తెలిసి ఉండాలి, ఉన్నదున్నట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమేనని భాష్యకారుడు వాత్స్యాయనుడు స్పష్టంగా రాశాడు. పీఠాన్ని బట్టి కాదు, కులాన్ని బట్టి కాదు. ఇది ఎన్ని ప్రవచనాల్లో విన్నారు? నాగార్జునకొండకు పడవెక్కి వెళ్ళే వేలమందిలో, బౌద్ధాచార్యుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో ‘అన్నిటినీ ప్రమాణాలతో నిరూపిస్తారు సరే, ఆ ప్రమాణాలను దేనితో నిరూపిస్తారు’ అని నిలదీశాడని ఎందరికి తెలుసు?

2020 జాతీయ విద్యావిధానం తర్వాత భారతీయ జ్ఞాన వ్యవస్థల పేరుతో కళాశాలల్లో కొత్త పాఠాలు వస్తున్నాయి. ఆ పాఠాలు రాసే పెద్దలకు మనవి: స్తోత్రాలు తగ్గించండి. తెలుగువాడని సంప్రదాయం చెప్పుకునే అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చిన్న పుస్తకం, ఒక సెమిస్టరులో అయిపోతుంది, దాన్ని పెట్టండి. దాని పక్కన శ్రీహర్షుడి ఆక్షేపణలు నాలుగు పెట్టండి. పరీక్షలో పూర్వపక్షాన్ని బలంగా రాసిన విద్యార్థికి మార్కులు కొయ్యకండి.