విస్తరణాధికారి ప్రేరణకు ఇల్లు, పొలం రెండూ ఆధారమే

పంజాగుట్టలోని మా ఇంటికి అమీర్‌పేట శిక్షణ కేంద్రాలు దగ్గరే. ఇటీవల అక్కడి పుస్తకాల దుకాణం వద్ద నా పూర్వ విద్యార్థి ఎదురయ్యాడు. అయిదేళ్లుగా గ్రామాల్లో వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేస్తూ, ఇప్పుడు సెలవు పెట్టి బ్యాంకు పరీక్షకు చదువుతున్నాడు. జీతం చాలడం లేదా అని అడిగాను.

“జీతం కోసం కాదు సార్. మా ఆవిడ ఉద్యోగం ఇక్కడ, నాన్నగారి డయాలసిస్ ఇక్కడ. అక్కడేమో ఎన్ని నమోదులు చేశానన్నదే లెక్క. పంట నిలబెట్టిన రోజు ఎవరికీ కనబడదు” అన్నాడు.

ఈ మాటను వ్యక్తిగత అసంతృప్తిగా కొట్టివేయలేము. తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక విస్తరణాధికారిని ఉద్దేశించి క్లస్టర్లను ఏర్పరచారు. ప్రత్తిలో లింగాకర్షక బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు గులాబీ రంగు పురుగు తల్లి రెక్కల పురుగులు పడితే సస్యరక్షణ చేపట్టాలి. ఆ మూడు రోజులూ బుట్టలు గమనించి రైతులను హెచ్చరించిన అధికారి ఊరి పంటను కాపాడగలడు. అతని శ్రమను నమోదుల సంఖ్య చూపదు.

వేతనం, పని పరిస్థితులు లోపిస్తే అసంతృప్తి కలుగుతుందనీ, నిజమైన ఉత్సాహం మాత్రం సాఫల్యం, గుర్తింపు, బాధ్యతల నుండి పుడుతుందనీ హెర్జ్‌బర్గ్, ఆయన సహచరులు 1959లోనే ప్రతిపాదించారు. మన శాస్త్రంలోని లీబిగ్ కనిష్ఠ సూత్రమూ ఇటువంటిదే. జింకు లోపించిన వరి మడిలో యూరియా ఎంత వేసినా ప్రయోజనం ఉండదు. ఉద్యోగిలో ఏది లోపించిందో తెలుసుకోకుండా జీతమో, హెచ్చరికో పెంచడం కూడా అంతే.

ప్రభుత్వ సేవ ఒక్కొక్కరి ఇంటి వీలును బట్టి నడవదన్న వాదనలో న్యాయం లేకపోలేదు. మారుమూల మండలాలకూ అధికారులు కావాలి. అయితే దంపతులకు ఒకేచోట కొలువు, కుటుంబంలో తీవ్ర అనారోగ్యం వంటి అభ్యర్థనలను వానాకాలం విత్తనానికి ముందే, మే నెలలోగా పరిష్కరించవచ్చు. దూరప్రాంతంలో ఎన్నేళ్లు పనిచేయాలో ముందే చెప్పవచ్చు. సీజను ఆరంభంలో ప్రతి అధికారి తన క్లస్టరుకు రెండు పంట లక్ష్యాలను స్వయంగా నిర్ణయించుకొని, చివరలో పై అధికారితో కలిసి పొలంలోనే సమీక్షించుకోవచ్చు. వీటికి పెద్ద వ్యయం అవసరం లేదు.

ఆ విద్యార్థి పరీక్షలో నెగ్గాలనే దీవించాను. కాని అతడు నెగ్గితే ఆ క్లస్టరు రైతులు కోల్పోయేది అయిదేళ్ల అనుభవం. ఆ నష్టాన్ని మన లెక్కల్లో ఇంకా ఎక్కడా రాసుకోవడం లేదు.