ఆ 'మీ' పందులు

మా పాఠశాలలో సహోద్యోగి ఒకరి కుమారునికి మూర్ఛ వచ్చింది. మెదడులో బద్దెపురుగు తిత్తి ఉన్నట్లు స్కానింగ్‌లో తేలింది. "మాంసం ముట్టని ఇల్లు మాది. ఇదంతా మీ పందుల వల్లనేనట కదా, మాస్టారూ!" అన్నారాయన. ఆయన చెడ్డవారు కారు. కానీ నేను ఎరుకల ఇంట పుట్టినవాడిని. ఆ 'మీ' నాకు కొత్త కాదు.

సరిగా ఉడకని పందిమాంసం తిన్నవారి పేగులో ఈ పురుగు పెరుగుతుంది, నిజమే. మెదడులో తిత్తి ఏర్పడేది మాత్రం పురుగు గుడ్లు నోట పడినప్పుడు. ఆ గుడ్లు మనిషి మలంలో ఉంటాయి, పందిమాంసంలో కాదు. కడగని ఆకుకూర, కలుషితమైన నీరు, వంటవారి శుభ్రం కాని చేయి చాలు, శాకాహారం రక్షించదు. పందికి సోకేదీ మనిషి మలం వల్లనే.

ఊరి మురుగునంతా మా వాడ వైపు పారించి, అందులో తిరిగే పందిని దోషిగా నిలబెట్టడం ఎంత సులువు! పందులను తరలిస్తే మా బతుకుతెరువు పోతుంది; మలం మట్టిలోనే ఉంటుంది. పందులకు వేసే టీకా హైదరాబాద్‌లోనే తయారవుతోంది. ఆ టీకాతో మా వాడకు ఏ పశువైద్యుడూ రాలేదు. పందులను పట్టే బండి మాత్రం మొన్న కూడా వచ్చింది.