రోడ్డు తడిస్తే వాన పడినట్టేనా?

వాన పడితే రోడ్డు తడుస్తుంది. కర్మన్‌ఘాట్‌లో రోడ్డు తడిసింది. కాబట్టి అక్కడ వాన పడింది... పోటీపరీక్షల రీజనింగ్ పేపర్లో దీనికి 'నిజమే' అని టిక్కు పెడితే మార్కు గోవిందా! నీళ్ల ట్యాంకరు కారి ఉండొచ్చుగా? అదే రోడ్డంతా పొడిగా ఉంటే మాత్రం వాన పడలేదని ధీమాగా చెప్పొచ్చు. అమ్మానాన్నలు పదో తరగతి లెక్కల్లో 'ప్రవచనాలు' అంటూ చదువుకున్నది ఈ తర్కమే. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు తత్వవేత్త క్రిసిప్పస్ దీనికి సూత్రాలు కడితే, 1854లో జార్జ్ బూల్ తర్కాన్ని బీజగణితంలా రాసి చూపించాడు. మన తెలుగువాడు అన్నంభట్టుది వేరే దారి, న్యాయశాస్త్రం. అయినా 17వ శతాబ్దంలో రాసిన 'తర్కసంగ్రహం'లో సరిగ్గా ఈ మెలికే పట్టుకున్నాడు. పొగ ఉంటే నిప్పున్నట్టే కానీ నిప్పున్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండుకి పొగేదీ? అది రావాలంటే తడికట్టె కూడా ఉండాలి.