కణం పుట్టుక కథ పాఠంలో ఉండాలి

"కణం పటం గీసి భాగములు గుర్తించుము" అంటే మన హాస్టల్ పిల్లలం చకచకా గీసేస్తాం. కేంద్రకం, మైటోకాండ్రియా, హరితరేణువు అని పేర్లు రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ భాగాలు అక్కడికి ఎలా వచ్చాయన్న ప్రశ్న మాత్రం పేపర్లో రాదు. అది కూడా నేర్పాలన్నది మా అభిప్రాయం.

కణాలు ముఖ్యంగా రెండు రకాలు. పాలను తోడుపెట్టే బాక్టీరియాది కేంద్రకపూర్వ కణం. దాని డి.ఎన్.ఏ. చుట్టూ పొర ఉండదు. కల్లును పులియబెట్టే ఈస్టు, మన చోడవరం పొలాల్లోని చెరకు, ఆ చెరకు నరికే మన అమ్మానాన్నలు, అందరివీ నిజకేంద్రక కణాలు. వీటిలో డి.ఎన్.ఏ. కేంద్రకం అనే గదిలో భద్రంగా ఉంటుంది.

భూమి మీద ఎంతో కాలం మొదటి రకం కణాలే ఉండేవి. సుమారు 200 కోట్ల సంవత్సరాల క్రితం ఆర్కియా వర్గానికి చెందిన ఒక కణంలోకి ఒక బాక్టీరియా చేరింది. అది చావకుండా అక్కడే ఉండిపోయి, ఆ కణానికి శక్తినివ్వసాగింది. దాని సంతతే నేటి మైటోకాండ్రియా. తర్వాత అలాంటి ఒక కణంలోకి సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునే సయనోబాక్టీరియా చేరి హరితరేణువైంది. చెరకులో తీపి దాని కష్టమే. కేంద్రకం ఎలా ఏర్పడిందన్న దానిపై మాత్రం శాస్త్రజ్ఞుల్లో ఇంకా చర్చ సాగుతోంది.

ఇది కట్టుకథ కాదు. మైటోకాండ్రియాకు నేటికీ సొంత డి.ఎన్.ఏ. ఉంది. మనిషిలో అయితే అందులో 37 జన్యువులున్నాయి. అది బాక్టీరియాలాగే చీలి రెండవుతుంది. 1967లో అమెరికా శాస్త్రవేత్త లిన్ మార్గులిస్ ఈ సంగతి ప్రచురించేలోపు ఎన్నో పత్రికలు ఆమె వ్యాసాన్ని తిప్పి పంపాయి. తర్వాత డి.ఎన్.ఏ. పరిశోధనలు ఆమె మాటే నిజమని తేల్చాయి. మైటోకాండ్రియా తయారుచేసే ఏ.టి.పి.ని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు.

ఇలాంటి చదువుకు మూలం జీవపరిణామం. 2023లో ఎన్.సి.ఇ.ఆర్.టి. పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి ఆ భాగాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు తదితరులు వద్దని లేఖ రాశారు. పిల్లల మీద భారం తగ్గించామని, పన్నెండో తరగతిలో ఉందని జవాబు వచ్చింది. మరి పదితో చదువు ఆపి పనికి పోయేవాడు, ఐ.టి.ఐ.లో చేరేవాడు ఎక్కడ చదవాలి? మన హాస్టళ్లలో అలాంటివారు తక్కువా?

మాకు ఇంకో కారణమూ ఉంది. "మా పుట్టుక వేరు, మా రక్తం వేరు" అన్న మాటతోనే మన పెద్దల్ని ఊరి చివర ఉంచారు. పెద్ద వీధి మనిషి కణంలోనూ, పేట మనిషి కణంలోనూ ఉన్నది ఆ బాక్టీరియా సంతతే. కలవకుండా పుట్టిన మనిషి కణం ఒక్కటీ లేదు. ఈ సంగతి మనకెంత అవసరమో వాళ్లకీ అంతే అవసరం.

సైన్సు మాస్టార్లను కోరేదొక్కటే. ఉల్లిపొరలో కేంద్రకం చూపించిన రోజే ఈ కథ చెప్పండి, ఒక్క పీరియడు చాలు. తమ్ముళ్లారా! పటం గీశాక పెన్సిల్ పక్కన పెట్టి, "ఇది ఎలా వచ్చింది సార్?" అని అడగండి.