నాలుగు కోట్లలో ఇరవై నలుగురు

ముదిగుబ్బలో ఓ ఇంట్లో పెళ్లి కుదిరిందంటే చీరలకు ధర్మవరం బస్సెక్కాల్సిందే. చేతిలో ఉన్నది లెక్కపెట్టి తెచ్చుకున్న డబ్బు. ముహూర్తం చీర దగ్గరే సగం అయిపోతే అత్తలకూ పిన్నమ్మలకూ ఆడబిడ్డలకూ ఏం పెట్టాలి? అలాగని పెళ్లికూతురికి చవక చీర కొంటే చుట్టాలు ఊరుకుంటారా! ఈ లెక్కంతా బుర్రలో పెట్టుకుని దుకాణంలో గంటలకొద్దీ కూర్చునే పెద్దమ్మ ప్రతి ఇంట్లోనూ ఒకావిడ ఉంటుంది. హాకీ జట్టును తయారుచేసే మేనేజరు పనీ అచ్చం అలాంటిదే.

అమెరికా, కెనడాల్లో మంచుమీద ఆడే హాకీ లీగులో డబ్బున్న జట్టు ఒకప్పుడు ఎంతయినా ఇచ్చి ఆటగాళ్లను తెచ్చుకునేది. జీతాల మొత్తానికి హద్దు పెట్టాలని యజమానులూ, కుదరదని ఆటగాళ్లూ పట్టుపట్టడంతో 2004-05లో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. చివరికి 2005లో హద్దు వచ్చింది... జట్టుకు 3.9 కోట్ల డాలర్లు. ధారాళంగా ఖర్చుపెట్టే డెట్రాయిట్ జట్టు పని అయిపోయిందనుకున్నారు చాలామంది. కానీ దాని జనరల్ మేనేజరు కెన్ హాలండ్ హయాంలోనే, కుర్రాళ్లను ఎంచుకునే వరసలో 1998లో 171వ వాడిగా దత్సుక్‌నూ, 1999లో 210వ వాడిగా జెటర్‌బర్గ్‌నూ తీసుకున్నారు. అంటే, అంతకుముందు మిగతా జట్లన్నీ వాళ్లను వద్దనుకున్నట్టే. 2008లో డెట్రాయిట్ కప్పు గెలిచింది ఆ ఇద్దరి అండతోనే.

మన దగ్గరికొద్దాం. ఏళ్ల విరామం తర్వాత మళ్లీ మొదలైన హాకీ ఇండియా లీగ్ కోసం 2024 అక్టోబరులో ఢిల్లీలో వేలం జరిగింది. పురుషుల జట్లు ఎనిమిది. ఒక్కొక్కరి చేతిలో 4 కోట్ల రూపాయలు. అందులోనే 24 మందిని కొనాలి. అంటే సగటున ఒక్కొక్కరికి పదహారున్నర లక్షల పైచిలుకు.

హైదరాబాద్ తూఫాన్స్ ముహూర్తం చీరే కొంది! జర్మనీ ఆటగాడు గొంజాలో పెయ్యాట్‌కు 68 లక్షలు పెట్టింది. ఆ వేలంలో మరే విదేశీయుడికీ అంత పలకలేదు. సొంత దేశం అర్జెంటీనాకు 2016 ఒలింపిక్స్ స్వర్ణం, ఆ తర్వాత జర్మనీకి 2023 ప్రపంచకప్పు అందించిన జట్లలో ఉన్నవాడు మరి. పైగా పెనాల్టీ కార్నర్‌ను గోలుగా మలిచే దిట్ట. హాకీలో మ్యాచ్‌ను తేల్చేది చాలాసార్లు అదే కాబట్టి అలాంటివాళ్లకు ఎప్పుడూ గిరాకీనే. సుమిత్‌కు మరో 46 లక్షలు. ఈ ఇద్దరికే కోటీ 14 లక్షలు పోతే, మిగిలిన 22 మందికి తలా 13 లక్షలే. ఇక్కడే మేనేజరు పనితనం బయటపడేది. జూనియర్లలో ఎవరికి దమ్ముందో, పేరు లేకపోయినా పరిగెత్తేవాడెవడో తెలియకపోతే ఖరీదైన ఇద్దరి చుట్టూ ఇరవై రెండు కుర్చీలు వేసినట్టే.

తూఫాన్స్‌కు ఆ బాధ రాలేదు. అందరికన్నా ఎక్కువగా 78 లక్షలు పలికిన హర్మన్‌ప్రీత్ ఉన్న సూర్మా క్లబ్‌ను సెమీస్‌లో ఓడించి ఫైనల్‌కు చేరింది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో పెయ్యాట్ గోలు కొట్టాడు, కుర్రాడు అమన్‌దీప్ లాక్రా కూడా కొట్టాడు. అయినా బెంగాల్ టైగర్స్‌దే గెలుపు, 4-3తో.

బెంగాల్ తరఫున జుగ్‌రాజ్ సింగ్ ఒక్కడే మూడు గోల్స్ చేశాడు. అతనూ పెనాల్టీ కార్నర్ల మనిషే. వేలంలో అతని ధర 48 లక్షలు. ఆ పాట పాడుతున్నప్పుడు తూఫాన్స్ వాళ్లూ ఆ హాల్లోనే కూర్చుని ఉన్నారు.